మెడ కింద కదలిక లేదు.. అయినా ఆల్బమ్ పూర్తి చేశారు! ఎవరీ కర్టిస్ మేఫీల్డ్?

పాట రాయడం, పాడటం, ప్రొడ్యూస్ చేయడం.. అమెరికా సోల్ మ్యూజిక్‌లో ఈ మూడూ తానే చేసిన స్టార్ కర్టిస్ మేఫీల్డ్. 1942 జూన్ 3న షికాగోలో పుట్టారు. చర్చి పాటలతో మొదలుపెట్టి, టీనేజ్‌లోనే 'ఇంప్రెషన్స్' గ్రూప్‌లో చేరారు. 1965లో ఆయన రాసిన 'పీపుల్ గెట్ రెడీ' నల్లజాతీయుల పౌర హక్కుల ఉద్యమంలో మార్మోగింది.

పాట ఒకరిది, హక్కులు కంపెనీవి.. అప్పట్లో చాలామంది సింగర్ల పరిస్థితి ఇదే. మేఫీల్డ్ మాత్రం పాటల హక్కులు తన చేతిలోనే ఉంచుకోవాలనుకున్నారు. 1968లో 'కర్టమ్' లేబుల్ పెట్టారు. 1972లో 'సూపర్ ఫ్లై' సినిమాకి ఆయన చేసిన ఆల్బమ్ బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్. సినిమాలో హీరో డ్రగ్స్ అమ్ముతాడు.. పాటలేమో డ్రగ్స్ ఎలా ప్రాణాలు తీస్తాయో చెబుతాయి.

1990 ఆగస్టు 13న బ్రూక్లిన్‌లో ఓపెన్ ఎయిర్ షో. స్టేజీ మీద లైటింగ్ సామగ్రి కూలి ఆయనపై పడింది. మెడ నుంచి కిందికి పక్షవాతం. మళ్లీ గిటార్ పట్టలేకపోయారు. కానీ పాట ఆపలేదు. వెల్లకిలా పడుకుని, ఊపిరి అందినంత వరకూ ఒక్కో లైన్ పాడుతూ రికార్డ్ చేశారు. అలా 1996లో వచ్చిందే 'న్యూ వరల్డ్ ఆర్డర్'. 1999 డిసెంబర్ 26న కన్నుమూశారు.

ముందు 'సూపర్ ఫ్లై', తర్వాత 'న్యూ వరల్డ్ ఆర్డర్' వినండి.. ఆ గొంతు ఎంత పోరాడిందో మీకే తెలుస్తుంది.