ముదిమియందు తల్లిదండ్రుల హక్కు – ఇస్లాము ధర్మము



శ్రీకాకుళములోని జుమ్మా మసీదును మీలో పెక్కురు చూచియే యుందురు. గోలకొండ సుల్తానులనాటి ఫౌజుదారు షేర్ మహమ్మదు ఖాను దానిని 1641లో కట్టించెను. ఇంతకాలముగా ముసల్మానులు మనకు పొరుగువారై యున్నను, వృద్ధులను గూర్చి వారి ధర్మమేమి చెప్పుచున్నదో మనము విచారించినది స్వల్పము. నేనును శ్రవణకుమారుని కథ వల్లించి, ఇక తెలిసికొనవలసినది లేదనుకొన్నవాడనే. నా కన్ను తెఱపించినది మన ఉత్తరాంధ్రమున బుట్టిన చిలుకూరి నారాయణరావుగారు 1925లో ప్రకటించిన తెలుగు ఖురాను. బ్రాహ్మణ పండితు డొకడు ఆ పనికి పూనుకొనుట నాడు చిన్న సాహసము కాదు.

మహమ్మదు ప్రవక్త పుట్టకమునుపే తండ్రిని, ఆఱేండ్ల ప్రాయమున తల్లిని గోల్పోయెను. పిమ్మట తాతయు, తండ్రి సోదరుడగు అబూతాలిబును పెంచిరి. కఱవుకాలమున అబూతాలిబునకు సంసారము భారము కాగా, ఆయన కుమారుడగు అలీని మహమ్మదు తన యింట నుంచుకొని పోషించెనని చరిత్రకారులు వ్రాసిరి. కన్నవారికి సేవచేయు భాగ్యము లేని యా మహనీయుని ద్వారా వచ్చిన గ్రంథమున, పదునేడవ అధ్యాయమందు, దైవారాధనను విధించిన వెంటనే తల్లిదండ్రులయెడ సద్వర్తనము విధింపబడినది. వారు ముదుసలులైనపుడు విసుగుతో చిన్నమాటయైనను పలుకరాదట. అన్నము పెట్టి కసరుకొనువాడు ధర్మము నెఱవేర్చినవాడు కాడన్నమాట.

నన్ను మఱింత యాలోచింపజేసినది నాలుగవ అధ్యాయము. సంతానముగల కొడుకు తల్లిదండ్రులకంటె ముందు గతించినచో, అప్పులు తీరిన పిమ్మట అతని యాస్తిలో తల్లికి ఆఱవవంతు, తండ్రికి ఆఱవవంతు చెందవలెను. కుమారుని కని, ఆఱెకరములు విడిచి పోయినవాని తల్లికొక యెకరము, తండ్రికొక యెకరము. అది దయ కాదు, భాగము. మన 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున వీలునామా లేక మరణించిన కొడుకు సొంత యాస్తిలో తల్లికి భాగము కలదు గాని, భార్యాబిడ్డలుండగా తండ్రికి లేదు. అంతియే కాదు; కలిగిన బిడ్డలు పేదలైన తల్లిదండ్రులను పోషింపవలెనని ముసల్మాను ధర్మశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ బాధ్యత కొడుకునకే కాక కూతునకును గలదు.

మనలో జరుగునదేమి? ముప్పది యేండ్ల క్రిందట ఒక గ్రామమున అన్నదమ్ములిద్దఱు భూమి పంచుకొని, తల్లిని నెలవంతులకు పంచుకొనిరి. ఆ కాగితము వ్రాసినవాడను నేనే. చెట్లను, నూతిని, పశువులశాలను పేరుపేరున వ్రాసితిని. ఆ తల్లికి సెంటు భూమియైనను వ్రాయలేదు. ఎవ్వరును వ్రాయుమనలేదు, నాకును తోచలేదు. నెల ముగియు దినమున ఆమె బట్టలమూట ఒడిలో నుంచుకొని, రెండవ కొడుకు వచ్చువఱకు అరుగుమీద కూర్చుండెడిది.

2007లో తల్లిదండ్రుల పోషణకై వచ్చిన చట్టము మతభేదము లేక అందఱికిని వర్తించును. పోషింపవలెనను షరతుతో ఆస్తి వ్రాయించుకొని పిదప విడిచినవారి దస్తావేజును ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. నేను కాగితము వ్రాసిన నాటికి ఆ చట్టము లేదు. ఉండినను, బిడ్డలమీద ఫిర్యాదు చేయుటకు ఆమె కచేరి మెట్లెక్కి యుండునని నేననుకొనను.