ఎల్లలు దాటిన తంతి

ధర్మపురిలో స్థిరపడిన తెలుగువారికి నేడు చిత్తూరు, అనంతపురము, హైదరాబాదు పొరుగిళ్ళవంటివే. ఫోను తీసిన క్షణములో అక్కడి అక్క గొంతు ఇక్కడ వినిపించును. ఈ దగ్గరితనము తనంతట తాను వచ్చినది కాదు. దీని వెనుక ప్రజాధనము, శాసనములు, రాజ్యముల ఒడంబడికలు ఉన్నవి.

మన సీమతోనే ఆరంభింతము. 1792లో బారామహల్ టిప్పు సుల్తాను నుండి కుంఫిణీవారి వశమైనది. శిస్తు నిర్ణయమునకై వచ్చిన థామస్ మన్రో కొంతకాలము ధర్మపురిలో నివసించెను. 1800లో దత్తమండలములకు, అనగా నేటి రాయలసీమకు, కలెక్టరుగా వెళ్ళెను. ఆనాడు ఈ రెండు సీమల నడుమ వార్తకు తపాలా బంట్రోతు కాళ్ళే వేగము.

1851లో ఓషానెస్సీ అను వైద్యుడు కలకత్తానుండి డైమండ్ హార్బరుకు తంతి నడిపించెను. 1855లో తంతి ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. వేసినది ప్రభుత్వ ధనముతోనే; కాని పాలనకు, సైన్యమునకు, వర్తకమునకు కావలసిన దారినే అది ముందు సాగినది. పల్లె వంతు చివరిది.

ఐరోపాలో మరొక చిక్కు. స్ట్రాస్‌బర్గులో ఫ్రెంచి గుమాస్తా వార్తను కాగితముపై వ్రాసి జర్మను గుమాస్తాకు అందించవలెను. అతడు తన భాషలోనికి మార్చి మరల పంపవలెను. తీగె ఉన్నను ఎల్ల అడ్డు నిలిచినది. ఈ బాధ తీరుటకే 1865లో 20 రాజ్యములు పారిసులో కూడి అంతర్జాతీయ తంతి సంఘమును నెలకొల్పినవి. 1869లో బ్రిటిషు ఇండియా అందులో చేరినది.

స్వతంత్ర భారతము ఈ పాఠమును మరువలేదు. 1950 నాటి రాజ్యాంగము తపాలా, తంతి, టెలిఫోనులను కేంద్రము జాబితాలో ఉంచినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడినపుడు మన ధర్మపురి మదరాసు రాష్ట్రములోనే నిలిచినది. భూమిని పంచుకొన్నారు గాని తంతిని పంచుకొనలేదు. ప్రవాసులమైన మనకు ఇది చిన్న మేలు కాదు.

అయినను ధర యనెడి ఎల్ల మిగిలినది. ట్రంకు కాలుకై గంటలకొలది వేచియుండిన వారు మన పెద్దలలో ఎందరో. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చినది, వేచియుండుట తగ్గినది గాని, దూరము పెరిగినకొలది రుసుమూ పెరిగెడిది. 2006లో ప్రభుత్వ సంస్థలు నిమిషమునకు రూపాయి చొప్పున దేశమంతటికి ఒకే ధర పెట్టినవి. ఐరోపా సమాఖ్య 1992 నాటి మాస్ట్రిక్టు ఒప్పందములో ఎల్లలు దాటు తంతి మార్గములకు ఉమ్మడి సహాయమును అంగీకరించినది. 2017లో సభ్యదేశముల మధ్య రోమింగు అదనపు రుసుమును తీసివేసినది. ఇక్కడ రాష్ట్రముల నడుమ ఒకే ధర అంతకు ముందే వచ్చినదనుట మనకు గర్వకారణము.

ఇక మిగిలినది పల్లె. లాభము లేనిచోటికి కంపెనీ వెళ్ళదు. అందుచేతనే 2002లో సార్వత్రిక సేవా నిధి ఏర్పడినది. టెలిఫోను కంపెనీల రాబడిలో ఒక భాగము దానికి చేరును. పంచాయతీలకు ఫైబరు తీగె వేయు పథకము 2011లో మంజూరై, 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చుకొన్నది. మొదట పెట్టుకొన్న గడువు ఎన్నడో దాటిపోయినది. నిధి ఉన్నంత మాత్రమున తీగె రాదు, అడుగువారుండవలెను.

ఆ నిధి ఎవరి దయయూ కాదు. మనము చెల్లించు ఫోను బిల్లులనుండియే అది పుట్టుచున్నది. కొండకొమ్మున ఒంటరిగా ఉన్న మన ముసలి తల్లిదండ్రుల గడపకు, సరిహద్దు పల్లెలోని బడికి అది చేరినదా యని విచారించుట మన హక్కు. ఏ రాష్ట్రపు పల్లె అన్నది తరువాతి మాట. 2013లో టెలిగ్రాము సెలవు తీసుకొన్నది; అది నేర్పిన పాఠము మాత్రము మిగిలియున్నది: ఎల్లలను చెరిపినది తీగె ఒక్కటే కాదు, నలుగురూ కలిసి చేసిన నిర్ణయము.