సముద్రపు నీటిలో మన ఊళ్ళ పేర్లు

ఈసారి కొంచెం పెద్దగానే రాశాను. తీరిక చూసుకుని చదవండి.

మన ఇళ్ళల్లో సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమిటి?" అనే. రేషన్ కార్డులో ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. మనలో చాలామందికి బళ్ళో తెలుగు చదివే అవకాశమూ దొరకలేదు. అయినా కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపు మనవాళ్ళు ఆ ఒక్క పేరును తరతరాలుగా నోటితోనే కాపాడుకున్నారు. ఆ పేరు చెబితే ఎవరికి ఎవరు ఏమవుతారో పెద్దవాళ్ళు చెప్పేస్తారు. సముద్రం ఆరోగ్యాన్ని డీఎన్ఏతో చూసే శాస్త్రం కూడా ఇంటిపేరు అడగడంతోనే మొదలవుతుంది. ఆ పని చేసిన ఇద్దరు తెలుగువాళ్ళ గురించి ఈ వ్యాసం.

మనది నల్లరేగడి నేల. కానీ కోవిల్పట్టి నుంచి తూత్తుకుడి సముద్రం సుమారు 60 కిలోమీటర్లే. అక్కడ సముద్రాన్ని పరీక్షించడం కొత్త సంగతేమీ కాదు. బ్రిటిష్ కాలంలో ముత్యాల వేటకు అనుమతి ఇచ్చేముందు గజ ఈతగాళ్ళను దింపి, అడుగునున్న ముత్యపు చిప్పల్ని పైకి తెప్పించి, లెక్కపెట్టి, వాటి వయసు చూసేవారు. చిప్పలు తగ్గితే వేట ఉండదు. 1961 తర్వాత అక్కడ ఆ వేటే జరగలేదు. ఇక 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో నాక్టిలూకా అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి, నీళ్ళు పచ్చబడి, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కంటికి కనబడేసరికి నష్టం జరిగిపోతుంది. అంతకన్నా ముందే తెలుసుకునే దారి కావాలి.

ఆ దారి వేసినవాడు అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వూస్. ప్రతి బాక్టీరియాలోనూ 16ఎస్ అనే ఒక జన్యువు ఉంటుంది. దాదాపు 1,500 అక్షరాల పొడవు. ప్రోటీన్ల తయారీకి అది తప్పనిసరి కాబట్టి చాలా నెమ్మదిగా మారుతుంది. మన తెలుగుకూ కృష్ణా, గుంటూరు తెలుగుకూ తేడా ఎంతో చూసి, మనం విడివడి ఎన్నాళ్ళయిందో ఊహించినట్టే, ఆ అక్షరాల తేడాను బట్టి బాక్టీరియాల చుట్టరికం చెప్పవచ్చని ఆయన 1977లో చూపించారు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకట రమణ 1990 ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పి. రఘువీర్ రావుతో కలిసి, వెలుతురును వాడుకుని హైడ్రోజన్ వాయువు తయారుచేసే బాక్టీరియా మీద పని చేశారు. వాళ్ళు వాడిన రకానికి ఓ.యు. 001 అని గుర్తు. ఓ.యు. అంటే ఉస్మానియా యూనివర్సిటీయే. దాన్ని జర్మనీలోని సూక్ష్మజీవుల భాండాగారంలో భద్రపరిచారు. తర్వాత టర్కీ శాస్త్రవేత్తలు కూడా దానితోనే హైడ్రోజన్ పరిశోధన చేశారు.

ఆ తర్వాత రమణ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, శశికళ జేఎన్‌టీయూలో ఉంటూ కొత్త బాక్టీరియాల వెతుకులాటలో పడ్డారు. తీరంలోని నీళ్ళు, బురద తెచ్చి, గాలి చొరబడని సీసాల్లో పోసి, దీపం వెలుతురులో ఉంచుతారు. రోజులు గడిచాక సీసా గులాబీ రంగుకో ఊదా రంగుకో తిరుగుతుంది. అందులోంచి ఒకే రకాన్ని విడదీసి, 16ఎస్ అక్షరాలు చదివి, తెలిసిన వాటన్నిటితో పోల్చి చూస్తారు. కొత్తదని తేలితే రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో దాచాలి. అప్పుడే ఆ పేరు ప్రపంచమంతటా చెల్లుతుంది.

అలా 2007లో వాళ్ళ బృందం పెట్టిన పేర్లు చూడండి: రోడోవులమ్ విశాఖపట్నమెన్సె, మారిక్రొమేటియమ్ భీమ్లికమ్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ! భీమ్లికమ్ దొరికింది ఒక ఉప్పునీటి పెంపకపు చెరువులో.

పేరు పెట్టినంత మాత్రాన సముద్రానికేం ఒరిగింది అని అడగవచ్చు. వీటిలో ఊదా గంధక బాక్టీరియాలు అనే తెగ ఉంది. వెలుతురు ఉండి, ప్రాణవాయువు లేక, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట ఇవి బాగా పెరుగుతాయి. మడ అడవుల బురదలో అవి ఉండటం సహజం, మేలు కూడా. ఆ విషవాయువును తినేస్తాయి. కానీ మురుగునీరు, రొయ్యల చెరువుల వ్యర్థాలు చేరి కుళ్ళినచోట కొత్తగా ఇవి పెరిగితే, అక్కడి నీటికి ఊపిరాడటం లేదని అర్థం.

ఇప్పుడు లీటరు సముద్రపు నీటిని వడగట్టి, అందులోని డీఎన్ఏను కరోనా రోజుల్లో మనమంతా విన్న పీసీఆర్ పద్ధతితోనే పెంచి, చదివి, ఏయే జీవులున్నాయో చెబుతున్నారు. చేపల్ని పట్టకుండానే, అవి నీటిలో వదిలిన డీఎన్ఏతో గుర్తుపట్టే పద్ధతిని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ చదివిన అక్షరాలను పోల్చడానికి పట్టిక ఉండాలి. పట్టికలో లేని జీవి ఇంటిపేరు తెలియని చుట్టం లాంటిది, ఎదురుగా ఉన్నా ఎవరో చెప్పలేం. ఆ పట్టికలో ఒక్కొక్క వరుసా రాసినవాళ్ళలో మన తెలుగువాళ్ళున్నారు.

నన్ను ఆలోచింపజేసింది ఇంకో సంగతి. హైదరాబాద్‌లో సముద్రం లేదు. విరుదునగర్ జిల్లాకూ లేదు. వాళ్ళు సీసాల్లో సముద్రాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. మనకు గంటన్నర ప్రయాణంలో తూత్తుకుడిలో మత్స్య కళాశాల ఉంది, సముద్ర పరిశోధన సంస్థలున్నాయి. అయినా ప్లస్ టూలో బయాలజీ తీసుకున్న పిల్లకు డాక్టర్ సీటు రాకపోతే, ఇంట్లో అందరం ఏదో పోయినట్టు కూర్చుంటాం.

ఈ ఏడాది సంఘం బహుమతుల సభకు పెట్టే ఖర్చులో కొంత తీసి, మన ప్లస్ టూ పిల్లల్ని ఒక్కరోజు తూత్తుకుడి తీసుకెళ్దామని నా మనవి. ఆ నీటిలో ఇంకా పేరు పెట్టని జీవులెన్నో ఉంటాయి. వాటిలో ఒకదానికి ఏదో ఒకనాడు కోవిల్పట్టి పిల్ల పేరు పెట్టాలి.