కరెంటు స్తంభం మీది తీగలు: ఏది ఏమిటి?

కన్నడంలో కంబ, తమిళంలో కంబం. రాయలసీమ పల్లెల్లోనూ అది కంబమే. పేరెట్లున్నా, కరెంటు స్తంభం మీది తీగల అమరిక ఈ రాష్ట్రాలన్నింటా ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. ప్రమాదం ఎక్కువైనది పైన, తక్కువైనది కింద.

అన్నింటికంటె పైన, ఇనుప అడ్డపట్టీ మీది పింగాణీ ఇన్సులేటర్లపై మూడు తీగలే కనిపిస్తే అది సాధారణంగా 11,000 వోల్టుల లైను. ఈ తీగకు పై తొడుగు ఉండదు; చుట్టూ ఉన్న గాలియే దానికి రక్షణ. చాలా చోట్ల నడుమ ఉక్కు పోగు బరువును మోస్తుంది, దాని చుట్టూ పేనిన అల్యూమినియం పోగులు విద్యుత్తును మోస్తాయి. ఈ లైను నేరుగా ఇండ్లకు రాదు. ట్రాన్స్‌ఫార్మరును చేరి, అక్కడ తగ్గిన తరువాతనే ఊరిలోకి ప్రవేశిస్తుంది.

ఊరి వీధుల్లోని తీగలు సాధారణంగా నాలుగు లేక ఐదు. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, ఐదవది వీధి దీపాలకు. రెండు ఫేజుల నడుమ 415 వోల్టులు, ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ 230 వోల్టులు. న్యూట్రల్‌ను తాకితే ఏమీ కాదనుకోవడం పెద్ద పొరపాటు. అది తెగినచోట తీగలో కరెంటు ఉండవచ్చు. అంతేకాదు, న్యూట్రల్ తెగితే కొన్ని ఇండ్లకు 230కి బదులు 400 వోల్టుల దాకా వచ్చి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. దీపాలు ఒక ఇంట మిరుమిట్లు గొలుపుతూ, పక్కింట మసకబారితే వెంటనే మెయిన్ ఆపివేయాలి.

ఇటీవల అనేక గ్రామాలలో ఈ విడి తీగల స్థానే నల్లని తొడుగుతో మెలిపెట్టిన ఒకే కట్ట కనిపిస్తోంది. దీనిని ఏబీ కేబుల్ అంటారు. దీనికి కొక్కెం తగిలించి కరెంటు దొంగిలించడం సాధ్యం కాదు. కొమ్మలు ఒరిసినా మంటలు లేవవు. తొడుగు చీలనంత వరకే ఈ మాట.

వీటి కిందుగా సాగేవి సమాచారపు తీగలు. పాత ల్యాండ్‌లైను ఫోనుకు జంట రాగి తీగ. అందులో సుమారు 48 వోల్టులు. టీవీ కేబులుకు నడుమ రాగి, చుట్టూ అల్లిన లోహపు వల. ఫైబరులో వెంట్రుకంత సన్నని గాజుపోగుల గుండా వెలుతురు మాత్రమే ప్రయాణిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కేబులును చాలా మటుకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. స్తంభానికి వేలాడే చుట్టలు వ్యర్థం కావు. తెగినప్పుడు అతికించుటకు ఉంచిన మిగులు తీగ అది. అయితే కొన్ని కేబుళ్లను మోసేందుకు ఉక్కు తీగ తోడుగా ఉంటుంది. పైనున్న లైను దానిమీద పడితే అదీ ప్రాణాంతకమే. కనుక ఇంటర్నెట్ తీగే కదా అని చేత పట్టరాదు.

స్తంభం ఒరగకుండా నేలకు ఏటవాలుగా బిగించే స్టే తీగ కరెంటు కోసం ఏర్పడినది కాదు. అందుకే దానికి గేదెను కట్టేవారూ, బట్టలారేసే తీగను ముడివేసేవారూ కనిపిస్తారు. దాని నడుమ గుడ్డు ఆకారపు పింగాణీ ముక్క ఉండవలసి ఉన్నది. పైభాగానికి లైను తగిలినా కరెంటు కిందికి దిగకుండా ఆపేది అదే. అది పగిలినా, లేకున్నా, ఆ తీగ నుండి బట్టలారేసే తీగకు, అక్కడి నుండి ఇల్లాలి చేతికి దారి ఏర్పడినట్లే. గాలివానల తరువాత ఈ ముప్పు మరీ ఎక్కువ.

తెగిపడిన తీగ చుట్టూ నేలలోనూ కరెంటు వ్యాపిస్తుంది. ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ దూరం ఎక్కువ కావడం చేత పశువులు ముందుగా బలి అవుతాయి. మనిషి అయితే పాదాలు దగ్గరగా ఉంచి చిన్నచిన్న అడుగులతో వెనుదిరగాలి. పశువును రక్షించబోయి దగ్గరకు పోరాదు.

ఫిర్యాదుకు 1912 నంబరు ఉన్నది. సరిహద్దు ఊళ్లలో ఒక వీధి ఒక రాష్ట్రపు సంస్థది, పొలం మరొకదానిది కావచ్చు. ఏ సంస్థదో కరెంటు బిల్లు చూసి, స్థానిక కార్యాలయపు నంబరునూ, ఇంటి దగ్గరి స్తంభంపై రాసిన అంకెనూ ముందే గోడ మీద రాసి ఉంచుకోవాలి.