ఒరయు గవిసెనయు
మధుర, కోయంబత్తూరు సీమల తెలుగువారి ఆయుధపు తొడుగులను గూర్చిన పరిశీలనము

మన పూర్వులు దక్షిణదేశమునకు వచ్చిన చరిత్రను చెప్పునప్పుడు మనము కత్తిని గూర్చి చాల చెప్పుకొందుము. ఆ కత్తి నిలిచిన ఒరను గూర్చి చెప్పువారు అరుదు. కత్తి పట్టినవాని పేరు శాసనమున నిలుచును, పాటలో నిలుచును. ఒర చేసినవాని పేరు ఎచ్చటను నిలువదు. ఈ లోపమును కొంతవరకైన పూరింపవలెనను తలంపుతో ఈ చిన్న వ్యాసమును పెద్దల యెదుట ఉంచుచున్నాను.

ఈ తలంపు పుట్టుటకు కారణము మా తరగతిలోని ఒక బాలుడు. వాని మేనమామ సైన్యమున పనిచేసి విరమించి, ఇప్పుడు కాపలా ఉద్యోగమున నున్నాడు. ఆయన తన పిస్తోలు పెట్టుకొను గట్టి ప్లాస్టిక్ తొడుగు నిగనిగ మెరయుచున్నదని, దానిపై ఆకుపచ్చ, మట్టి రంగుల మచ్చలు గల గుడ్డను ఇంటిలోనే అతికించుకొనెను. బాలుడు ఆ సంగతి చెప్పి, "అయ్యా, అరవములో దీనిని ఉఱై అందురు. తెలుగులో ఏమందురు?" అని అడిగెను. "ఒర" అని చెప్పితిని. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు" అను సామెతను వాడు ఎన్నడును వినియుండలేదు. వాని ముత్తాతల యింట ఒక పాత కత్తి యున్నదట. నాటి సాయంకాలమే దానిని చూడబోతిని.

మొదట మాటలను విచారింతము. ఒర అను మాటను పూర్వము బండిఱతో "ఒఱ" అని వ్రాసెడివారు. తమిళములోని ఉఱై శబ్దమును దీనికి తోబుట్టువే. ఇది ఒకరినుండి ఒకరు అరువు తెచ్చుకొన్న మాట కాదు. రెండు భాషలకును తల్లి యింటినుండి వచ్చిన ఆస్తి. ఒర గట్టిది. ఆయుధము ఆకారమునకు సరిపోవునట్లు కఱ్ఱతోనో తోలుతోనో చేయబడునది. దీనికి భిన్నమైనది గవిసెన. విల్లు, అమ్ములపొది, వీణ మొదలగువానిపై తొడుగు గుడ్డ ముసుగునకు గవిసెన యని మన నిఘంటువులు అర్థము చెప్పుచున్నవి. గట్టి ఒరపై గుడ్డ తొడిగినప్పుడు ఈ రెండు మాటలును ఒక వస్తువునందు కలియుచున్నవి.

ఇక చరిత్రకు వత్తము. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పెను. ఆయనయు, దళవాయి అరియనాథ ముదలియారును రాజ్యమును 72 పాళెములుగా విభజించిరని ప్రసిద్ధి. పాళెగాండ్రలో పెక్కురు తెలుగువారు. 1736లో రాణి మీనాక్షితో నాయకరాజ్యము అంతమొందువరకు ఆయుధములు చేయించుట, బాగుచేయించుట, వాటికి తొడుగులు వేయించుట ఈ సీమలలో నిత్యవ్యవహారముగా నుండెను. మధుర మీనాక్షీ దేవాలయమునకు తూర్పున తిరుమల నాయకుడు (1623-1659) కట్టించిన పుదుమండపమున నాయకరాజుల శిలాప్రతిమలు కలవు. నడుమునకు దట్టి బిగించి, అందులో బాకు దోపుకొని, చేతులు జోడించి నిలుచుట ఆ కాలపు రాజప్రతిమలలో తరచుగా కనబడు తీరు. దేవుని యెదుట నిలిచిన రాజు కత్తిని దూయడు. ఒరలో నున్న కత్తి వినయమునకు గుర్తు. ఒరయే లేనిచో ఆ వినయమును శిల్పి ఎట్లు చూపగలడు?

ఆ మండపమునకు ఇంకొక విశేషము కలదు. చాలకాలము అందులో దర్జీలు కుట్టుయంత్రములు పెట్టుకొని జీవించిరి. స్వామివారి వస్త్రములు, ఉత్సవముల తొడుగులు, పిల్లల వేషములు రాతి రాజుల పాదములచెంతనే కుట్టబడినవి. మండపమును కాపాడుటకై ఆ దుకాణములను 2020 దశకపు ఆరంభమున దగ్గరనున్న కున్నత్తూరు సత్రమునకు తరలించిరి. పైన బాకు ధరించిన ప్రభువు, క్రింద సూది పట్టిన పనివాడు! ఈ రెండును ఒకే చరిత్రకు రెండు పుటలని నాకు తోచుచుండును.

దక్షిణదేశపు కత్తి ఒరను చేయు విధమును కొంచెము వివరింపవలెను. రెండు పలుచని చెక్కలను లోపల గాడి తీసి, ఒకదానిపై నొకటి చేర్చి జిగురుతో అతికింతురు. ఆ అతుకు విడిపోకుండ పైన తోలుగాని గుడ్డగాని బిగువుగా అంటింతురు. సంపన్నులకు ముఖమలు, సామాన్యులకు ముతక నేతగుడ్డ. కుట్టు వెనుకవైపున వచ్చునట్లు చూతురు. మూతివద్ద ఒక లోహపు పట్టీ, కొనవద్ద ఒక లోహపు తొడుగు వేయుదురు. కావున పైగుడ్డ కేవలము అలంకారము కాదు. అది చెక్కలను కలిపి పట్టును, చెమ్మను ఆపును, కదలునప్పుడు చప్పుడును, ఎండలో తళుకును తగ్గించును.

ఇంత చిన్న వస్తువునకు ఎందరి చేతులు కావలెనో చూడుడు. చెక్కకు వడ్రంగి, పట్టీకి కమ్మరి, గుడ్డకు నేతగాడు, తోలుకు తోలుపనివాడు. ఈ వృత్తులన్నిటిలోను తెలుగు మాటాడువారు ఈ రెండు సీమలలో నుండిరి. వారిలో తోలుపనివారైన అరుంధతీయులను గూర్చి మన సంచికలలో చాల తక్కువగా వ్రాయబడినది. కోయంబత్తూరు, ఈరోడు, దిండిగల్లు, మధుర ప్రాంతములలో వారిలో పెక్కురు నేటికిని ఇంటిలో తెలుగే మాటాడుచున్నారు. తమిళనాడు శాసనసభ 2009లో చేసిన ప్రత్యేక రిజర్వేషను చట్టమున అరుంధతీయులతో పాటు చేర్చబడిన కులముల పేర్లలో ఆది ఆంధ్ర, మాదిగ, తోటి యను పేర్లు కలవు. ఆ పేర్లే వారి పుట్టింటిని చెప్పుచున్నవి.

తంగేడు చెక్కతో తోలును పదును చేయుట వీరి ప్రాచీన విద్య. కోయంబత్తూరు సీమలో బావులనుండి నీరు తోడు పెద్ద తోలుసంచులను కుట్టినవారు వీరే. 1932లో పైకారా విద్యుత్తు ప్రారంభమైన పిదప కోయంబత్తూరు సీమలో విద్యుత్ పంపులు వ్యాపించి, తోలుసంచి క్రమముగా మూలబడెను. పంపులు చేసినవారి పేర్లు మనకు కంఠస్థము. సంచి కుట్టినవారి పేరు ఒక్కటియు తెలియదు.

మధుర వీరుని కథ ఇచ్చట స్మరింపదగినది. తోలుపనివారి యింట పెరిగి, పాళెగాని కుమార్తె బొమ్మిని వరించి, తిరుమల నాయకుని కొలువున చేరి, తుదకు అతని ఆజ్ఞచేతనే కాలుసేతులు కోల్పోయినాడని జనశ్రుతి. ఆ వీరుని గుడి మీనాక్షీ దేవాలయపు తూర్పుద్వారముచెంత నున్నది. అతని విగ్రహము ఎత్తిన కత్తితో నుండును. ఇది చరిత్ర యెంత, కల్పన యెంత యను చర్చ యెట్లున్నను, కత్తికి తోలు కుట్టు కులమున పెరిగినవాడే కత్తి పట్టినవాడని ప్రజలు చెప్పుకొనుట గమనింపదగిన సంగతి.

ఆయుధములు ఇండ్లనుండి పోయినది బ్రిటిషువారి కాలమున. 1799 అక్టోబరు 16వ తేదీన కట్టబొమ్మును కయత్తారులో ఉరితీసిరి. 1800 జూను 3వ తేదీన కోయంబత్తూరు కోటపై జరిగిన తిరుగుబాటు యత్నము విఫలమయ్యెను. దానికి నాయకులలో ఒకడైన విరూపాక్షి గోపాల నాయకుని 1801లో ఉరితీసిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 1వ తేదీన మదరాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు ప్రకటన వెలువడెను. పాళెగాండ్రు ఆయుధములు ధరించుట నిషిద్ధమయ్యెను. 1878 నాటి ఆయుధచట్టము ఆ కట్టడిని దేశమంతటికి విస్తరించెను. నేడు అమలునందున్నది 1959 నాటి చట్టము. ఆయుధము పోగా ఒర కట్టు పనియు పోయెను. తంజావూరు ఆయుధశాలనుండి 1860 దశకమున మదరాసు మ్యూజియమునకు చేరిన ఆయుధములను మనము నేడు చూడగలము. అయితే ఉక్కు నిలిచినంత కాలము కఱ్ఱ నిలువదు, కఱ్ఱ నిలిచినంత కాలము గుడ్డ నిలువదు. అందుచేత పనివాని పని మొదట నశించును, ప్రభువు ఆయుధము చివర నశించును.

మచ్చల గుడ్డ కథ వేరొక దారిని వచ్చినది. పూర్వపు తొడుగు ఎఱ్ఱనిదై, అందరి కన్నులలో పడుటకు ఉద్దేశింపబడినది. నేటి తొడుగు ఎవరి కంటను పడకుండుటకు ఉద్దేశింపబడినది. 1846లో పెషావరున ఏర్పడిన గైడ్సు దళమునకు లంస్డెను అను అధికారి మట్టిరంగు దుస్తులు ఇచ్చెను. ధూళియని అర్థమిచ్చు పారసీక శబ్దమునుండి ఖాకీ యను పేరు వచ్చినది. 1915లో ఫ్రెంచి సైన్యము చిత్రకారులను చేర్చుకొని, ఫిరంగులను పరిసరములలో కలిసిపోవునట్లు రంగులు వేయించెను. 1929లో ఇటలీ సైన్యము మచ్చలు అచ్చువేసిన గుడ్డను పెద్దయెత్తున నేయించెను. ఆ గుడ్డ సంతతియే నేడు మన బజారులలో అమ్ముడగుచున్నది.

ఇక ఆ మేనమామగారి పని. ఆయన మొదట ఆయుధమును ఖాళీచేసి వేరుగదిలో భద్రపరచెను. పిదప తొడుగుమీది నునుపు పోవునట్లు గరుకు కాగితముతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టెను. కాగితముపై దాని ఆకారమును గీసి, అంచులకు ఒక అంగుళము మిగులునట్లు గుడ్డను కత్తిరించెను. జిగురు పలుచగా పూసి, నడుమనుండి అంచులకు వ్రేళ్లతో నొక్కుచు ముడుతలు పోగొట్టెను. వంపులవద్ద గుడ్డకు చిన్నచిన్న కోతలు పెట్టెను. అతుకు వెనుకకు వచ్చునట్లు చేసెను. మూతి లోపలికి మాత్రము గుడ్డను మడువలేదు. లోపల ఒక నూలుపోగు మందము పెరిగినను ఆయుధము సరిగా కూర్చుండదనియు, గుడ్డ అంచు ఊడి మీటకు తగులుకొన్నచో ప్రాణాపాయమనియు ఆయన చెప్పెను. ఆయుధమును పట్టి ఉంచు బొత్తామును గూడ గుడ్డతో కప్పలేదు. జిగురు ఒక దినము ఆరిన పిదపనే, ఖాళీ ఆయుధముతో పలుమారులు పరీక్షించి చూచెను.

ఇది విని నేను ఆశ్చర్యపడితిని. వెనుకవైపు అతుకు, మూతివద్ద జాగ్రత్త, చెక్కకు బదులు ప్లాస్టిక్కు, చింతగింజల జిగురునకు బదులు సీసాలోని జిగురు! పద్ధతి మాత్రము పూర్వులదే. ఆయనకు దీనిని ఎవ్వరును నేర్పలేదు. గట్టి వస్తువునకు మెత్తని గుడ్డ తొడుగు చేయి, ఏ కాలమునందైనను, ఈ నియమములనే కనుగొనును గాబోలు.

ముత్తాతల కత్తి విషయము చెప్పవలెను. కత్తి యున్నది. తుప్పు దులిపి ఏటేట ఆయుధపూజనాడు బొట్టు పెట్టుచున్నారు. ఒర కఱ్ఱ మాత్రమే మిగిలినది. దానిపై నుండిన ఎఱ్ఱగుడ్డ చివికిపోగా ఒక పూజకు ఇల్లు శుభ్రము చేయుచు చెత్తతోపాటు పారవేసిరట. ఒర ఎవరు చేసిరని అడిగితిని. "మనవాళ్లే" అనిరి. ఆ "మనవాళ్లు" ఎవరో ఆ యింట ఎవరికిని తెలియదు.

మరునాడు ఈ సంగతి తరగతిలో చెప్పగా, అదే బల్లపై కూర్చుండు మరియొక బాలుడు, తన నాయనమ్మకు తోలుపని తెలియునని చెప్పెను. సెలవునాడు వారి వీథికి పోయితిని. ఒర లోపల తోలు వేయక కఱ్ఱ యెందుకు వేయుదురని ఆ వృద్ధురాలిని అడిగితిని. ఆమె నవ్వి, "తోలు చెమ్మ తాగుతుంది అయ్యా. చెమ్మ ఇనుమును తింటుంది. అందుకే కట్టె లోపల, తోలు బయట" అనెను. పుస్తకములలో వెదకి నేను తెలిసికొన్నదియు అంతియే: పదును చేసిన తోలునందలి చెమ్మ, ఉప్పు, పులుసు ఉక్కును తుప్పు పట్టించును. కత్తి యున్న యింట పోయిన విద్య, కత్తి లేని యింట నిలిచియున్నది. అదియు తెలుగు మాటలలో నిలిచియున్నది.

2006 నాటి చట్టము తరువాత మన పాఠశాలలలో తమిళము మొదటి భాషయైనది. తెలుగు గంటలు తగ్గినవి. ఇట్టి సమయమున మన భాషను కాపాడుకొందమని సభలలో తీర్మానములు చేయుచున్నాము. ఆ భాషను ఇంటిలో నిలుపుకొన్నవారిలో ఎందరిని మన సభలకు పిలిచితిమి? పాళెగాండ్ర వంశవృక్షములను అచ్చువేసిన మన సంచికలలో ఒర కుట్టినవారి వీథుల పేర్లు ఏవి?

కనుక పాఠకులకు నా విన్నపము ఇది. మీ యింట పాత కత్తియో బాకో యున్నచో దాని ఒరను, చిరిగిన గుడ్డను గూడ పారవేయకుడు. ఫోటో తీయించి, కొలతలు వ్రాసి, పాత మాటలు తెలిసిన పెద్దలను అడిగి పేర్లు గుర్తుపెట్టుకొనుడు. ఆ ఒరను చేసినది ఎవరని ఇంటివారిని అడుగుడు. వారికి తెలియకున్నచో పక్క వీథివారిని అడుగుడు. మా తరగతిలో ఆ యిద్దరు బాలురు ఇప్పుడు ఒక నోటుపుస్తకమున ఆ మాటలను వ్రాయుచున్నారు. మొదటి పుటలో ఒకడు "కత్తి" అని వ్రాసెను. రెండవవాడు దాని ప్రక్కనే "ఒర" అని వ్రాసెను.