పొదిలి, దర్శి బావులు



పత్తియు మిరపయు బండు నల్లరేగడి చేలను దాటి పడమటికి బోయినచో, మెట్టసీమలో దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు తగులును. ఇవి పూర్వము నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాలో జేరినవి. ఇచట పలు గ్రామములలో పిల్లల పండ్లు గారపట్టియుండెను. నడివయస్సు వచ్చునప్పటికే కొందరికి నడుము వంగదు, మెడ తిరుగదు. ఇట్టి నొప్పులను వాతమనుట మన పల్లెలలో వాడుకయే గదా!

1937లో షార్టు, మెక్‌రాబర్టు, బార్నార్డు, మన్నాడి నాయరు అను నలుగురు ఈ వ్యాధిని శోధించి, తమ ఫలితములను ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చి అను పత్రికలో బ్రకటించిరి. రోగుల వెన్నెముక బిగిసి, ఎముకలను గూర్చు బంధనములు సయితము ఎముకవలె గట్టిపడుట ఎక్సురే చిత్రములలో గనబడెను. కారణము వాతము గాదు. రాళ్లనుండి బావినీట గరగు ఫ్లోరైడు.

ఆ పత్రిక 1911లో స్థాపితమైన భారత పరిశోధన నిధి సంఘమునకు జెందినది. ఆ సంఘమే 1949లో భారత వైద్య పరిశోధన మండలి యయ్యెను. దేశమంతటి రోగములను శోధించు భారము దానిది. కాని వ్యాధిమూలమును జెప్పు సంఘమునకు ఊరూర బావులు ద్రవ్వించు నధికారము లేదు. నీటి సరఫరా రాష్ట్ర ప్రభుత్వముల చేతిలోనిది. మలేరియాకు క్వినైను గలదు; మశూచికి టీకా గలిగెను. బిగిసిన వెన్నెముకను మరల వంచు నౌషధము మాత్రము నేటికిని లేదు. నీటిని మార్చుటయే చికిత్స. అందుచేత 1937 నాటి పని కాగితముపై ముగిసెను గాని పల్లెలో ముగియలేదు.

తరువాత నాగపురమునందలి జాతీయ పరిశోధనాలయమువారు పటికయు సున్నమును నీట గలిపి, గిలకొట్టి, తేర్చెడి పద్ధతిని గనిపెట్టి దానికి నల్లగొండ పేరు పెట్టిరి. చౌకయైనదే. కాని నీటి గుణమును బట్టి పటిక మోతాదు మారును. అడుగున బేరిన మడ్డిని దినదినము తీసివేయవలెను. ఇంటింట నిట్టి పని యెన్నినాళ్లు సాగును? సాగరు కాలువలకు 1967లో నీరు వదలిరి. కాలువ యెక్కని మెట్టయూళ్లకు నది యందలేదు. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము 2008-09లో నారంభమయ్యెను. నడుమ డెబ్బది సంవత్సరములు!

ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు. పప్పు చక్కగా నుడుకునని మన పెద్దలు మెచ్చిన బావిలోనైనను నది యుండవచ్చును. లీటరునకు ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు లేనిచో ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. ఒకే యూరిలో రెండు బావులకు భేదముండును గనుక, పరీక్షను ఊరిపేర గాక బావిపేర నడుగవలెను.