చాటుమందు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు కన్నడరాజ్యమున నున్నను, అచటి పెక్కు పల్లెలలో వాడుకభాష తెలుగే. రోగికి మందిచ్చుట వేఱు, ఒకనికి ‘మందు పెట్టుట’ వేఱు అని తెలుగువా రెఱుగుదురు. కన్నడిగులు ‘మద్దు హాకువుదు’ అనునదియు నదియే. మొదటిది ఎదుట జరుగును. రెండవది అన్నములో గలసిపోవును. ఈ భేదమును భాష యెన్నడో గుర్తించినది. వైద్యనీతి చాల ఆలస్యముగ గుర్తించినది.

ఈ విషయమున మొదట చూడదగినది భారతారణ్యపర్వములోని ద్రౌపదీసత్యభామా సంవాదము. పాండవులు నీ కిట్లు వశులగుటకు మంత్రమా, మందా కారణమని సత్యభామ యడిగెను. ద్రౌపది నొచ్చుకొని చెప్పిన యుత్తరమును 14వ శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ తెనిగించెను. భార్య మందుమాకులు ప్రయోగించునని తెలిసినచో భర్తకు పామున్న యింట కాపురము వంటి భయము కలుగును. అట్టి మందులచే రోగగ్రస్తులైన పురుషులును గలరు, అని ఆమె వాదము. దేహమునకు గలుగు హానికంటె ముందుగా నమ్మకమునకు గలుగు హానిని చెప్పుట గమనింపదగినది.

1948లో కోపెన్‌హేగన్ పరిశోధకులు హాల్డ్, యాకొబ్‌సెన్ అనువారు డైసల్ఫిరాం గుణమును ప్రకటించిరి. ఈ మందు దేహమున నుండగా మద్యము త్రాగినచో ఎసిటాల్డిహైడు రక్తమున పేరుకొని, మొగము కందును, గుండె దడదడలాడును, వాంతులగును. ఒక్కొక్కప్పుడు రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయమే కలుగును. బిళ్ళలు మానిన పిదప రెండువారముల వఱకు నీ ప్రభావ ముండవచ్చును. త్రాగిన నిట్లగునను ఎఱుకయే దీని బలము. ఎఱుకలేనివానికి అది మందు కాదు, ఉచ్చు. కనుకనే రోగికి తెలియకుండ ఈయరాదని ఔషధపత్రముననే హెచ్చరిక కలదు.

ఐనను రాగిసంగటిలోనో సారులోనో బిళ్ళ నలిపి కలుపు ఇల్లాలిని దోషి యనుట మిక్కిలి తేలిక. కూలిడబ్బు అంగడిపాలై, రాత్రి దెబ్బలు తినుచున్న ఆమెకు సమ్మతి యడుగు తావెక్కడిది? సత్యభామ ప్రశ్న విలాసము, ఈమెది ఆకలి. కాని భర్త పెండ్లియింట త్రాగి కూలినప్పుడు, లోపల నేమున్నదో వైద్యునికి చెప్పువా రుండరు. చెప్పినచో ఆమె గుట్టు బయటపడును. చెప్పకున్న అతని ప్రాణమునకు ముప్పు.

నెల్లూరు మండలము దూబగుంట స్త్రీలు 1992లో బహిరంగముగ సారా నెదిరించిరి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమయ్యెను. కర్ణాటకమున సారాయి నిషేధము 2007 జూలై 1న వచ్చినది. చిక్కబళ్ళాపురము జిల్లా యేర్పడినదియు ఆ యేడే. సారాయి పోయినను సీసామద్యము నిలిచినది.

2018 మే 29న అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము (2017) మద్యసంబంధమైన మనోవికారములను గూడ తన పరిధిలోనికి దెచ్చి, చికిత్సకు రోగి యెఱిగి యిచ్చు సమ్మతిని ముఖ్యముగ నెంచినది. చట్టము చూపు ఆసుపత్రి మీదనే గాని వంటయింటి మీద గాదు. బెంగుళూరు నిమ్హాన్స్ నందు వ్యసనచికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. డైసల్ఫిరాం చికిత్సలో రోగి యొప్పుకొని, భార్య యెదుటనే దినదినము బిళ్ళ మ్రింగు పద్ధతి యొకటి యున్నది. బాగేపల్లినుండి బెంగుళూరికి సుమారు 100 కిలోమీటర్లు. పోయివచ్చిన ఒకనాటి కూలి పోవును, పైగా భర్త రానొప్పుకొనవలెను.